గెలిస్తే దేశం బిడ్డలు, ఓడితే వాడ కుర్రాళ్ళు!

2022 డిసెంబర్ 18, ఆదివారం రాత్రి. మా పల్లెలో యువజన సంఘం గది కిక్కిరిసిపోయింది. ఖతార్‌లో ప్రపంచ కప్ ఫుట్‌బాల్ ఫైనల్. ఒకవైపు అర్జెంటీనా, ఒకవైపు ఫ్రాన్స్. ఫుట్‌బాల్ మనకి తెలిసింది తక్కువే గాని, పోటీ అంటే నిద్ర మానుకోవటానికి మన కుర్రాళ్ళు ఎప్పుడూ సిద్ధమే. ఎవర్ని దించాలి, ఎవర్ని పక్కన కూర్చోబెట్టాలి అని ఒకటే వాదన. కోచ్ కన్నా మావాళ్ళకే ఎక్కువ తెలుసు!

ఆట మొదలైన కాసేపటికి డిగ్రీ చదివే తమ్ముడొకడు అన్నాడు: "ఇది ఫ్రాన్స్ జట్టేంటి మాస్టారూ, ఆఫ్రికా జట్టయితేనూ! ఒక్క తెల్లోడన్నా ఉన్నాడా?" గదంతా నవ్వింది. కెప్టెన్ లోరిస్ తెల్లవాడు. గ్రీజ్‌మన్, జిరూ తెల్లవాళ్ళు. కళ్ళ ముందే ఆడుతున్నారు. అయినా మావాడికి కనపడలేదు. చివరికి 3-3తో సమానమై పెనాల్టీల దాకా వచ్చింది. కొమాన్ కొట్టిన బంతిని గోల్‌కీపర్ ఆపాడు. చువమేని కొట్టింది పక్కకి పోయింది. ఇద్దరూ నల్లవాళ్ళే. "ఇలాంటోళ్ళని పెట్టుకుంటే ఇంతే. డిసిప్లిన్ ఉండదు" అన్నాడు ఇంకో తమ్ముడు.

పెనాల్టీ తప్పటానికీ డిసిప్లిన్‌కీ ఏంటి సంబంధం? ఈ మాటలన్నది మోతుబరుల బిడ్డలైతే నేను ఈ కలం పట్టేవాణ్ణి కాదు. అన్నది మన బిడ్డలు. పాలేరుతనం చేసిన తాతల మనవళ్ళు. అదే రాత్రి ఫ్రాన్స్‌లో జాత్యహంకారులు ఆ ఆటగాళ్ళ మీద వర్ణం పేరుతో బూతులు కుమ్మరించారు. వాళ్ళ నోటి మాట మన పల్లె దాకా ఎట్లా వచ్చింది? అందుకే ఈ "క్రమశిక్షణ" అనే మాట వెనక ఏముందో ఒక కథ చెబుతాను. ఇది 2010 నాటి ఫ్రాన్స్ జట్టు కథ.

ఊరి చివర వాడ అక్కడా ఉంది

ముందు ఒక సంగతి. మనకి ఊరి చివర పల్లె ఉన్నట్టు ఫ్రాన్స్‌లో మహానగరాల చివర వాడలున్నాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఫ్యాక్టరీల్లో, ఇళ్ళ కట్టుబడిలో చేతులు చాలక అల్జీరియా, మొరాకో, సెనెగల్, మాలీ లాంటి చోట్ల నుంచి, కరీబియన్ దీవుల నుంచి కూలీలు వచ్చారు. వాళ్ళకి ఊరి బయట అంతస్తుల మీద అంతస్తులు లేపి పెట్టెల్లాంటి ఇళ్ళు ఇచ్చారు. ఆ కూలీల పిల్లలు అక్కడే పుట్టారు, అక్కడి బళ్ళలోనే చదివారు, ఫ్రెంచి భాషే మాట్లాడారు. అయినా పోలీసు ఆపి కాగితాలు అడిగేది వాళ్ళనే.

2005 అక్టోబర్ 27న పారిస్ పక్కన క్లిషీ-సూ-బువా అనే చోట పోలీసులకి భయపడి కరెంటు సబ్‌స్టేషన్‌లో దాక్కున్న ఇద్దరు పిల్లలు షాక్ కొట్టి చచ్చిపోయారు. దేశంలో వాడలన్నీ భగ్గుమన్నాయి. దానికి రెండు రోజుల ముందే హోంమంత్రి సర్కోజీ అలాంటి వాడ కుర్రాళ్ళని "అలగా మూక" అనే అర్థమొచ్చే మాట అన్నాడు. 2010 నాటికి ఆ పెద్దమనిషే దేశాధ్యక్షుడు.

ఆ వాడల్లో మట్టినేల మీద, సిమెంటు గచ్చు మీద బంతి తన్నుకుంటూ పెరిగిన పిల్లలే ఫ్రాన్స్‌కి పేరు తెచ్చారు. 1998 జులై 12న బ్రెజిల్‌ని 3-0తో కొట్టి ఫ్రాన్స్ మొదటిసారి ప్రపంచ కప్ గెలిచింది. రెండు గోల్స్ కొట్టిన జిదాన్ అల్జీరియా నుంచి వచ్చిన కూలీ కొడుకు. సెమీఫైనల్లో రెండు గోల్స్ కొట్టిన తురామ్ గ్వాడలూప్ దీవిలో పుట్టినవాడు. ఆ రాత్రి ఫ్రాన్స్ అంతా "నలుపు, తెలుపు, అరబ్బు అందరం ఒకటే" అని వీధుల్లో గంతులేసింది. అంతకు రెండేళ్ళ ముందు, 1996లో, లెపెన్ అనే జాత్యహంకార నాయకుడు వీళ్ళని "జాతీయ గీతం పాడరు, బయటి నుంచి తెచ్చిన సరుకు" అన్నట్టు ఎగతాళి చేశాడు. గెలుపు ఆ నోరు కొంతకాలం మూయించింది. ఓటమి మళ్ళీ తెరిపించింది.

నైస్నాలో ఏం జరిగింది?

2010 ప్రపంచ కప్ దక్షిణాఫ్రికాలో జరిగింది. ఫ్రాన్స్ అక్కడికి ఎట్లా వచ్చిందో గుర్తు చేసుకుందాం. 2009 నవంబర్ 18న ఐర్లండ్‌తో ఆటలో హెన్రీ బంతిని చేత్తో ఆపి గల్లాస్‌కి అందించాడు, గల్లాస్ గోల్ చేశాడు. రిఫరీ చూడలేదు. లోకమంతా టీవీలో చూసింది. మళ్ళీ ఆడించటమే న్యాయమని హెన్రీయే ఒప్పుకున్నాడు. ఫ్రాన్స్ ఫెడరేషన్ ఏమన్నా టికెట్టు వెనక్కి ఇచ్చిందా? ఇవ్వలేదు. జేబులో వేసుకుని విమానమెక్కింది. నీతి, క్రమశిక్షణ అని ఏడు నెలల తర్వాత గొంతు చించుకోబోయే పెద్దలు ఈ టికెట్టు దగ్గర ఎంత నెమ్మదిగా ఉన్నారో చూడండి.

కోచ్ పేరు డొమెనెక్. 2008 యూరో పోటీల్లో జట్టు గ్రూపులో అట్టడుగున నిలిచినా ఆయన్ని కదపలేదు. రాశులు చూసి ఆటగాళ్ళని అంచనా వేస్తాడని ఆ దేశపు పత్రికలే నవ్వుకున్నాయి. ఆయన బెంజెమా, నస్రీ, వియెరాలను ఇంటి దగ్గరే వదిలేసి వచ్చాడు. పైగా పోటీ మొదలవకముందే, తర్వాతి కోచ్ లోరాన్ బ్లాన్ అని ఫెడరేషన్ చెప్పేసింది. రేపు పోయే మేస్త్రి మాట ఈ రోజు పనివాళ్ళు వింటారా?

ఉరుగ్వేతో మొదటి ఆట 0-0. జూన్ 17న మెక్సికోతో రెండో ఆట. సగం ఆట అయ్యాక డ్రెస్సింగ్ రూములో కోచ్‌కీ అనెల్కాకీ మాటా మాటా పెరిగింది. అనెల్కా తిట్టాడు. కోచ్ వాణ్ణి దించేశాడు. ఆట 0-2తో పోయింది. తిట్టటం తప్పే. నేను మాస్టర్ని, ఆ మాట మొదటే చెబుతున్నా. జూన్ 19న ‘లెకిప్’ అనే క్రీడా పత్రిక అనెల్కా అన్నాడంటూ ఒక పచ్చిబూతుని మొదటి పేజీలో ఇంతింత అక్షరాలతో వేసింది. అందరి ముందూ క్షమాపణ చెప్పమన్నారు, అనెల్కా చెప్పనన్నాడు, ఆ రోజే ఇంటికి పొమ్మన్నారు. పత్రిక వేసిన మాటలు తనవి కావని అనెల్కా కోర్టుకెక్కాడు, కేసు ఓడిపోయాడు. అయితే అచ్చయిన మాటలు సరిగ్గా అవి కావని తర్వాత కోచ్ డొమెనెక్కే చెప్పాడు. అంటే నాలుగు గోడల మధ్య జరిగిన గొడవకి వీధిలో అచ్చయిన కాగితం సాక్ష్యమైంది.

మర్నాడు జూన్ 20. నైస్నా అనే ఊళ్ళో జట్టు శిబిరం. జనం చూస్తుండగా కెప్టెన్ ఎవ్రాకీ శిక్షకుడు దువెర్న్‌కీ గొడవైంది. ఆటగాళ్ళందరూ వెళ్ళి బస్సెక్కి కూర్చుని తెరలు వేసుకున్నారు. ఆ రోజు సాధన చేయలేదు. మా మాట అడక్కుండా, పత్రికలో వచ్చినదాన్ని పట్టుకుని మావాణ్ణి పంపేశారని ఒక కాగితం రాశారు. ఆ కాగితాన్ని విలేకరుల ముందు చదివింది ఎవరనుకున్నారు? కోచ్ గారే! రెండు రోజుల తర్వాత దక్షిణాఫ్రికా చేతిలో 1-2తో ఓడి, ఒకే ఒక్క పాయింటుతో గ్రూపులో ఆఖరున నిలిచి ఇంటికి పోయారు.

బస్సులో అందరూ ఉన్నారు, తిట్లు మాత్రం కొందరికే

ఇక్కడి నుంచి జాగ్రత్తగా వినండి. బస్సులో నల్లవాళ్ళున్నారు, తెల్లవాళ్ళున్నారు. సమ్మె అందరిదీ. ఆగస్టులో కొత్త కోచ్ బ్లాన్ ఆ జట్టు మొత్తాన్నీ ఒక ఆట పక్కన పెట్టాడు. ఆ నెలలోనే ఫెడరేషన్ క్రమశిక్షణ కమిటీ అయిదుగుర్ని పిలిచింది. అనెల్కాకి 18 ఆటల నిషేధం. ఎవ్రాకి 5, రిబెరీకి 3, తులాలాన్‌కి 1. అబిదాల్‌ని వదిలేసింది. రిబెరీ, తులాలాన్ తెల్లవాళ్ళే. కాబట్టి శిక్షలన్నీ వర్ణం చూసి వేశారని నేను అనను. అట్లా అంటే అబద్ధమవుతుంది.

మరి కుట్ర ఎక్కడుంది? మాటల్లో ఉంది. క్రీడామంత్రి బాషెలో పార్లమెంటులో లేచి, పరిపక్వత లేని ముఠా నాయకులు భయపడే పిల్లల్ని ఆడిస్తున్నారని అంది. ఆమె వాడిన ముఠా నాయకుడనే మాట అరబ్బీ నుంచి వచ్చింది. ఫ్రెంచిలో దాన్ని వింటే తెల్ల బ్యాంకు మేనేజరు గుర్తుకు రాడు, వాడ కుర్రాడే గుర్తుకొస్తాడు. ఫింకెల్‌క్రాట్ అనే తత్వవేత్త రేడియోలో ఈ జట్టుని మాఫియా నీతి తప్ప తెలియని రౌడీల గుంపన్నాడు. ఈయనే 2005లో, ఒక విదేశీ పత్రికతో మాట్లాడుతూ, ఫ్రాన్స్ జట్టు అంతా నలుపే నలుపు, యూరప్‌లో నవ్వులపాలైందని వెటకారం చేశాడు. 2005లో ఏ సమ్మె జరిగింది? ఏ తిట్టు అచ్చయింది? ముందే రాసిపెట్టుకున్న తీర్పుకి నైస్నా బస్సు సాకు దొరికిందంతే.

ఒక పెద్ద జట్టు ఓడిపోయింది. కోచ్‌ని మార్చని ఫెడరేషన్ తప్పు ఎంత? మధ్యలో వారసుణ్ణి ప్రకటించినవాళ్ళ తప్పు ఎంత? ఎంపికలో లోపం ఎంత? ఆటగాళ్ళ పొగరు ఎంత? ఇది అభిమానులు కూర్చుని లెక్క తేల్చాల్సిన సంగతి. లెక్క తేల్చటం కష్టం. "వాడ బుద్ధి" అనటం తేలిక. ఫెడరేషన్ అధ్యక్షుడు ఎస్కలెట్ రాజీనామా చేశాడు. ఆయన పుట్టిన వీధి గురించి ఎవరన్నా రేడియోలో ఉపన్యాసమిచ్చారా?

జిదాన్‌కి ఒక మానిక, అనెల్కాకి ఒక మానిక

కూలి గింజలు కొలిచేటప్పుడు ఒక మానిక, అప్పు గింజలు వసూలు చేసేటప్పుడు ఒక మానిక పెట్టే ఆసాముల్ని మన తాతలు ఎరుగుదురు. క్రమశిక్షణకీ అట్లాగే రెండు మానికలున్నాయి.

2006 జులై 9, బెర్లిన్. ప్రపంచ కప్ ఫైనల్. 110వ నిమిషంలో జిదాన్ ఇటలీ ఆటగాడు మతెరాజ్జీ గుండెల మీద తలతో కుమ్మాడు. రెడ్ కార్డ్ ఇచ్చి పంపేశారు. ఫ్రాన్స్ పెనాల్టీల్లో ఓడింది. డ్రెస్సింగ్ రూములో తిట్టటం పెద్ద తప్పా, కోట్లమంది చూస్తుండగా మనిషిని కుమ్మటం పెద్ద తప్పా? మర్నాడు దేశాధ్యక్షుడు షిరాక్ జిదాన్‌ని ఆకాశానికెత్తాడు. జిదాన్ కూడా వాడబిడ్డే గదా, మరి ఎందుకు మన్నించారంటారా? దేశానికి ఒక కప్ తెచ్చాడు, ఇంకోదాని అంచుదాకా మోశాడు. అంటే పనికొచ్చినంత కాలం మన్నింపు. పనికిరాని రోజున పుట్టుక తవ్వి బయట పెడతారు. మన్నింపు వాళ్ళ దయ మీద ఉన్నంతకాలం అది హక్కు కాదు, భిక్షే.

గోల్ కొడితే ఫ్రెంచివాణ్ణి, కొట్టకపోతే అరబ్బువాణ్ణి అని బెంజెమా వాపోయాడు. గెలిస్తే జర్మన్‌ని, ఓడితే వలసవాణ్ణి అని 2018లో ఓజిల్ జర్మనీ జట్టుని వదిలేస్తూ రాశాడు. 2021 జులై 11న యూరో ఫైనల్లో రాష్‌ఫోర్డ్, శాంచో, సాకా పెనాల్టీలు తప్పితే ఇంగ్లండ్‌లో ముగ్గురి మీదా జాతి తిట్లు కురిశాయి. దేశాలు వేరు, పాట ఒకటే.

తిట్టుతో ఆగిందా? ఆగలేదు. 2010 నవంబర్‌లో ఫ్రాన్స్ ఫెడరేషన్ పెద్దలు మూసిన తలుపుల వెనక కూర్చుని, శిక్షణ కేంద్రాల్లో రెండు దేశాల పౌరసత్వం పొందగల పిల్లల్ని పన్నెండు పదమూడేళ్ళ వయసు నుంచే 30 శాతానికి మించకుండా చేద్దామా అని మాట్లాడుకున్నారు. కొత్త కోచ్ బ్లాన్ కూడా అక్కడున్నాడు. పొడుగ్గా, బలంగా ఉన్నవాళ్ళనే తీసుకుంటున్నాం, అట్లాంటి వాళ్ళంటే నల్లవాళ్ళే గదా అన్నట్టు మాట్లాడాడు. ఆ గదిలోనే ఉన్న బెల్కాసెమి అనే ఉద్యోగి మాటల్ని రికార్డు చేశాడు. 2011 ఏప్రిల్ చివర మీడియాపార్ట్ అనే వార్తాసంస్థ బయటపెట్టింది. శిక్షణ ఇక్కడ పొంది వేరే దేశానికి ఆడుతున్నారు, అందుకే అనుకున్నాం అని సంజాయిషీ చెప్పారు. బ్లాన్ క్షమాపణ చెప్పాడు, విచారణలో బయటపడ్డాడు. సరే. కానీ చూడండి: బస్సులో కూర్చున్నది పెద్దవాళ్ళు. తలుపు మూద్దామనుకున్నది పన్నెండేళ్ళ పిల్లల మీద!

మన ఇంటి ముందు టపాకాయలు

ఫ్రాన్స్ గొడవ మనకెందుకు మాస్టారూ అంటారేమో. 2021 టోక్యో ఒలింపిక్స్‌లో హాకీ ఆడపిల్ల వందనా కటారియా దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ కొట్టిన మొదటి భారత స్త్రీ ఆమే. ఆగస్టు 4న సెమీఫైనల్లో మనవాళ్ళు అర్జెంటీనా చేతిలో 1-2తో ఓడారు. ఆ రాత్రి హరిద్వార్ దగ్గర రోషనాబాద్‌లో ఆమె ఇంటి ముందు అగ్రకులాల మగాళ్ళు కొందరు టపాకాయలు కాల్చి, గంతులేసి, జట్టులో దళితులు ఎక్కువయ్యారు కాబట్టే ఓడిందని కులం పేరుతో తిట్టారని కుటుంబం ఫిర్యాదు చేసింది. పోలీసులు కేసు కట్టి అరెస్టులు చేశారు. కొమాన్‌ని చూసి మావాడన్న మాటకీ ఆ టపాకాయల మోతకీ తేడా ఎంత?

ఇంకా వెనక్కి పోదాం. పల్వంకర్ బాలూ, చమార్ కులస్థుడు. 1911లో ఇంగ్లండ్ పోయిన భారత క్రికెట్ జట్టులో 114 వికెట్లు తీశాడు. పూనాలో జట్టువాళ్ళంతా లోపల టీ తాగుతుంటే ఆయనకి బయట మట్టి ముంతలో పోశారు. ఆయన బంతి కావాలి, కెప్టెన్‌గా ఆయన మాట అక్కర్లేదు. 1920లో బొంబాయి పోటీల్లో ఆయన్ని తప్పించి ఇంకొకరికి కెప్టెన్సీ ఇస్తే, తమ్ముళ్ళు విఠల్, శివరామ్ ఆడబోమని ప్రకటన ఇచ్చి బయటికొచ్చారు. అది క్రమశిక్షణ తప్పటమా, ఆత్మగౌరవమా? మూడేళ్ళకి, 1923లో, విఠల్ ఆ హిందూ జట్టుకి కెప్టెన్ అయ్యాడు. నైస్నా కోటీశ్వరుల్ని ఈ అన్నదమ్ములతో సమానం చేయను. కానీ అడిగే ప్రశ్న ఒకటే: మమ్మల్ని అడక్కుండా మా సంగతి తేల్చటానికి మీరెవరు?

నా సంతకం

ఇప్పుడు నా తప్పు చెబుతాను. కొన్నేళ్ళ కిందట పిల్లల ఆటల పోటీలకి కబడ్డీ జట్టుని ఎంపిక చేసే కమిటీలో నేనూ ఉన్నాను. సాధనలో ఇద్దరు తొమ్మిదో తరగతి కుర్రాళ్ళు కొట్టుకున్నారు. ఇద్దరి చేతులూ లేచాయి. ఒకడు పెద్ద రైతు మనవడు, ఇంకొకడు మన పల్లెవాడు. మొదటివాడిది "ఉడుకు రక్తం, కుర్రతనం" అన్నారు. రెండోవాడిది "పెంపకం" అన్నారు. నా మొహం చూసి, "మిమ్మల్ని అనట్లేదు లెండి మాస్టారూ, మీరు చదువుకున్నారు" అన్నారు. మనవాడి పేరు కొట్టేశారు. నేను ఒక్క మాట అనలేదు. జాబితా కింద సంతకం పెట్టాను.

ఆ కుర్రాడు పదో తరగతికి రాలేదు. ఇప్పుడు హైదరాబాదులో తాపీ పనికి పోతున్నాడు. పండక్కి వచ్చినప్పుడు కనపడితే "నమస్తే మాస్టారూ" అంటాడు, అంతే, ఆగడు. డొమెనెక్‌నీ బాషెలోనీ నిలదీసే ముందు నన్ను నేను నిలదీసుకోవాలని ఇది రాస్తున్నా.

మన పిల్లలు తప్పు చేస్తే వెనకేసుకు రమ్మని నేను అనను. తప్పుకి శిక్ష ఉండాల్సిందే. నేను అడిగేది మూడే. ఒకటి, ఎవర్ని ఎందుకు తీసుకున్నారో, ఎందుకు తీసేశారో పిల్లలందరి ముందూ చెప్పండి. రెండు, శిక్ష వేసే ముందు ఆ పిల్లవాడి మాట వినండి. మూడు, ఒకే తప్పుకి ఒకే శిక్ష వేయండి, వాడు ఎవరి మనవడైనా సరే. మీ ఊళ్ళో బడి ఆటలైనా, పండగ కబడ్డీ అయినా, ఎంపిక జరిగే రోజున మన సంఘం వాళ్ళు ఇద్దరు పోయి అక్కడ నిలబడండి. మన మాస్టర్లుంటే సంతకానికి ముందు నోరు తెరవమనండి. నాతో సహా.

ఇక తమ్ముళ్ళూ, మీకో మాట. ఆట గురించి ఎంతైనా వాదించండి. ఫలానావాణ్ణి ఎందుకు దించారని కోచ్‌ని తిట్టండి. పెనాల్టీ తప్పినవాడి కాలుని తిట్టండి. వాడి పుట్టుక జోలికి మాత్రం పోవద్దు. కొమాన్ వాడని చూసి నవ్విన నోరు రేపు మీ పల్లెని చూసి నవ్వటానికి ఎంతసేపు పట్టదు. ఆ నవ్వులో మీ గొంతు కలపకండి.

జై భీమ్!